గాలి అప్పు – నేల అప్పు



వేరుశెనగ చేలు ఊడలు దించుచున్న దినములలో ధర్మవరమునుండి పుట్టపర్తికి పోవు బాటపై ఎక్కడనైనను నిలిచి, చేని రైతు అనుమతి గైకొని, ఒక చెట్టును వేళ్ళు తెగకుండ మెల్లగా పెకలించి నీట జాడించి చూచినచో, వేళ్ళ పొడవునను ఆవగింజలను అంటించినట్లు చిన్న చిన్న బుడిపెలు కానవచ్చును. తొలిసారి చూచినవాడు చెట్టునకు చీడ పట్టినదేమో యని భయపడును. రైతు మాత్రము నవ్వి, బుడిపెలు లేని చెట్టే బక్కచెట్టని చెప్పును. ఒక బుడిపెను గోటితో చిదిపినచో లోపల లేత ఎరుపు కనబడును. అది మన నెత్తుటి ఎరుపునకు దగ్గరి దాయాది. ఆ ఎరుపు గదిలో కాపురముండు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి తెచ్చి చెట్టునకు మేతగా మార్చి యిచ్చుచున్నవి. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనియే అయినను, దానిని నేరుగా వాడుకొను శక్తి మనకు గాని పశువులకు గాని పైరులకు గాని లేదు. ఇంటినిండ ధాన్యముండియు గాదె తాళపుచెవి లేనివాని గతి మనది; ఆ తాళపుచెవి ఈ బుడిపెలలో నున్నది.

ఇట్లు గాలినుండి అప్పుగా వచ్చిన నత్రజని గింజలో మాంసకృత్తుగా చేరి, రాగిసంగటి ముద్ద ప్రక్కన శెనక్కాయల ఊరిబిండిగా మన కంచములోనికి వచ్చి, కండగా కొంతకాలము మనలో నిలిచి, తుదకు మరుగుదొడ్డి దాటి వీథి కాలువ చేరును. అక్కడినుండి దాని గతి యేమి, ఆ అప్పు ఎవరికి చెల్లవలెను అనునదియే ఈనాటి నా ప్రసంగ విషయము. మురుగును గురించి ముచ్చటించుట మర్యాద గాదని తలచువారు మన్నింతురు గాక. ఏడాదిలో ఎక్కువ దినములు ఇసుకయై పడియుండు చిత్రావతి, పెన్న నదుల యొడ్డున బ్రదుకు మనకు, వాన వచ్చినను రాకున్నను తప్పక పారు ప్రవాహము మురుగొక్కటియే యని గుర్తుచేయుట నా విధి యనుకొందును.

మొదట లెక్క చూతము. పెద్దవాడైన మనుష్యుడు దినమునకు ఇంచుమించు 10 గ్రాముల నత్రజనిని విసర్జించును. అందు అధికభాగము మూత్రములోనిదే. ఒకని మట్టుకు అది చెంచాడు సరకు. లక్షమంది నివసించు పట్టణమునకు దినమునకు ఒక టన్ను. రైతు సోదరులు ఎరిగిన కొలతలో చెప్పవలెనన్న, 45 కిలోల యూరియా బస్తాలు 48. 2011 జనాభా లెక్కలనాటికే హిందూపురము లక్షన్నర దాటినది; ధర్మవరము లక్షా ఇరువదివేలు దాటినది. ఎరువుల దుకాణము ముందు తెల్లవారకమునుపే వరుసలో నిలిచిన రైతు కాళ్ళ ప్రక్కనే, ఆ వీథి కాలువలో, దినదినమును అన్నేసి బస్తాలు కొట్టుకొనిపోవుచున్నవన్నమాట.

కాలువ చేరిన మూత్రములోని యూరియా త్వరలోనే అమోనియాగా మారును. ఈ మార్పును ముక్కుతో ఎరుగని పల్లెవాసి యుండడు. తెల్లవారుజామున పశువుల కొట్టము తలుపు తీయగానే కన్నులను చురుక్కుమనిపించు ఘాటు వాయువు అదియే. నా బాల్యమున మా పెద్దమ్మగారి కొట్టములో, పంచితము ఇంకిన రాతిగోడ యడుగున, వేసవి వచ్చినదన్న తెల్లని పొడి పూచుచుండెడిది. పిల్లలము దానిని వ్రేలితో గీకి నాలుకపై నుంచుకొని, చల్లగా నున్నదే యని ఆశ్చర్యపడి, పెద్దలచేత తిట్లు తినుచుండెడివారము. మనవారు పెట్లుప్పనియు సూరేకారమనియు పిలుచునది దానినే. పాతగోడల మన్నును నీట కరగించి, వడగట్టి, కాచి ఈ యుప్పును తీయు విద్య మన దేశమున మిక్కిలి పాతది. తుపాకిమందులో అధికభాగము ఇదియే గనుక, 1565 లో తళ్ళికోట యుద్ధము పిదప పెనుకొండ కోటనుండి రాజ్యమేలిన విజయనగర ప్రభువులకును ఇది లేక గడచియుండదు. ముక్కు బద్దలుచేయు అమోనియా, వాసనయే లేని ఈ యుప్పుగా ఎట్లు మారినది? గోడ మార్చినదా, గాలి మార్చినదా?

ఈ ప్రశ్నకు 1877 లో ఫ్రాన్సు దేశమున ష్లేజింగు, మ్యుంట్జు అను ఇద్దరు శాస్త్రజ్ఞులు సమాధానము కనుగొనిరి. వారు ఇసుకయు సుద్దయు నింపిన గొట్టముగుండ మురుగునీటిని మెల్లగా జారవిడిచిరి. ఇంచుమించు ఇరువది దినములు ఏమియు జరుగలేదు. లోపలికి పోయిన అమోనియాయే వెలుపలికి వచ్చెను. ఆపై నీటిలో నైట్రేటు, అనగా మన పెట్లుప్పులోని సారము, తలచూపి, నానాటికి పెరిగి, అమోనియా కానరాకుండ పోయెను. అప్పుడు వారు గొట్టములోనికి క్లోరోఫారపు ఆవిరిని పంపగా ఆ మార్పు టక్కున నిలిచిపోయెను. మత్తుమందుకు సొమ్మసిల్లునది ఇసుక గాదు, సుద్ద గాదు, ప్రాణముగలదే యని వారు గ్రహించిరి. 1890 లో వినోగ్రాద్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు జూరిచ్ నగరమున ఆ ప్రాణులను వేరుచేసి చూపెను. అవి రెండు తెగలు: ఒక తెగ అమోనియాను నైట్రైటుగా మార్చును; రెండవ తెగ ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. ఒకరు నూలు వడుకగా మరియొకరు నేసినట్లు సాగు ఈ కార్యమునకు నత్రీకరణమని పేరు.

ఈ నేతగాండ్రకు రెండు గుణములున్నవి. మొదటిది, వారికి గాలి మెండుగా కావలెను; ఒక కిలో నత్రజనిని అమోనియానుండి నైట్రేటు వరకు చేర్చుటకు నాలుగున్నర కిలోలకు పైగా ప్రాణవాయువు ఖర్చగును. శుద్ధి కేంద్రములలో పగలును రేయియు హోరుమని తొట్లలోనికి గాలి ఊదు బ్లోయర్ల కరెంటు బిల్లులో చాల భాగము దీనికే పోవును. రెండవది, వారి సంతతి మిక్కిలి నెమ్మదిగా వృద్ధి చెందును. మురుగులోని సామాన్య బ్యాక్టీరియా అరగంటలో రెట్టింపు కాగలిగిన చోట, వీరికి ఎంత అనుకూలించినను చాల గంటలు, ఒక్కొక్కప్పుడు దినములు పట్టును. అందువలన వీరున్న బురదను తొందరపడి పారబోయక దినములకొలది తొట్టిలోనే త్రిప్పుకొనవలెను. ఆ ఫ్రెంచివారు గొట్టములో సుద్ద ఎందులకు పోసిరో చెప్పుటకును ఇదియే చోటు: నత్రీకరణము జరుగుకొలది నీరు పులిసి పోవును, పులుపు ఎక్కువైనచో ఈ జీవులు పని మానుకొనును. ఈ విషయమున మాత్రము మన సీమ అదృష్టము గలది. పప్పు ఉడకనీయని మన బోరుబావుల నీటిలోని సున్నము, వంటింట శాపమైనను, శుద్ధి తొట్టిలో వరమై ఆ పులుపును విరిచివేయును. మన ఎండ వేడిమియు ఈ జీవులకు హితమే.

అయినను ఇంతవరకు జరిగినది సగము పనియే. అమోనియా నైట్రేటైనది, కాని నైట్రేటు నీటిలోనే యున్నది. బస్తాపై పేరు మారినదే గాని బస్తా కాలువ దాటలేదు. దానిని దాటించు రెండవ విద్యను నేను పుస్తకములో కంటె ముందుగా ఒక గాజుకొలతపాత్రలో చూచితిని. ఒక శుద్ధి కేంద్రమును చూడబోయినప్పుడు అచ్చటి ఆపరేటరు గాలితొట్టినుండి లీటరు నీరు ముంచి, ఆ పొడవాటి గాజుపాత్రలో పోసి బల్లపై నుంచెను. మొదట అది చిక్కని కాఫీవలె నుండెను. అరగంటలో గోధుమవన్నె బురద దూదిపింజలవలె అడుగునకు దిగి, పైన తేటనీరు నిలిచెను. అతడు లెక్క వ్రాసికొనెను. మేము భోజనమునకు పోయితిమి. మరలివచ్చి చూచునప్పటికి, అడుగున నిద్రించుచుండవలసిన బురద ముద్దలు ముద్దలుగా లేచి పైకి తేలియుండెను. దగ్గరగా పరికింపగా ఒక్కొక్క ముద్దకు సూదిమొనలంత బుడగలు అంటుకొనియున్నవి. “ఏమప్పా, దిగిన బురద మళ్ళా పైకెట్ల వచ్చ?” అని నేనడుగగా, అతడు పాత్రను వ్రేలితో తట్టుచు, “లోపల నైట్రేటు గాలైపోయినాది సార్, ఆ గాలే దీన్ని మోసుకొనొచ్చె” అనెను. తట్టగానే బుడగలు విడిపోయి పైకెగసినవి. బురద మరల మెల్లగా దిగిపోయినది. ఎప్పుడో ఏ వేరుశెనగ బుడిపెయో గాలినుండి తెచ్చిన అప్పు, నా కన్నులయెదుట, గాలికి తీరిపోయినది.

ఈ రెండవ విద్యకు వినత్రీకరణమని పేరు. ఫ్రాన్సునందే బోర్డో నగరమున గయాను, డుపెటీ అను శాస్త్రజ్ఞులు 1880 దశాబ్దమున దీనిని పరిశోధించి చూపిరి. ఈ పని చేయునవి వేరు జీవులు. వాటికి నీటిలో ప్రాణవాయువు దొరకినంతసేపు నైట్రేటు జోలికి పోవు. కరెంటున్నంతసేపు బుడ్డిదీపము వెలిగించువాడు లేనట్లే. ప్రాణవాయువు తీరిపోగానే, తిండి మాత్రము ఎదుట నుండగా, నైట్రేటులో దాగిన ప్రాణవాయువును పిండుకొని శ్వాసించి, మిగిలిన నత్రజనిని బుడగలుగా విడిచిపెట్టును. కనుక మొదటి విద్యకు గాలి కావలెను, రెండవ విద్యకు గాలి రాకూడదు. మొదటిదానికి తిండి తక్కువైనను చెల్లును, రెండవదానికి తిండి నిండుగా నుండవలెను. ఈ విరుద్ధ స్వభావులను ఒక్క యింట కాపురము చేయించుటయే మురుగునీటి శుద్ధిలోని చమత్కారమంతయు.

1914 లో ఇంగ్లండునందలి మాంచెస్టరులో ఆర్డెర్ను, లాకెట్టు అనువారు, దిగిన బురదను పారవేయక మరల మరల వాడుకొను గాలితొట్టి పద్ధతిని వెలువరించిరి. నేటికిని లోకమందలి శుద్ధి కేంద్రములలో అధికభాగము దాని సంతానమే. అయితే ఆ పద్ధతి నీటిని తేటపరచునే గాని నత్రజనిని తనంతట వదలించదు. 1962 లో లడ్జాకు, ఎటింగరు అనువారు గాలి ఊదని తొట్టిని ముందుంచిరి. ఏలయన, అప్పుడే వచ్చిన పచ్చిమురుగులో వినత్రీకరణ జీవులకు కావలసినంత తిండి యుండును గదా! 1970 దశాబ్దమున దక్షిణాఫ్రికాలో జేమ్సు బర్నార్డు, వెనుకనున్న గాలితొట్టిలో తయారైన నైట్రేటు నీటిని పంపుతో మరల ముందు తొట్టికి త్రిప్పు ఏర్పాటు చేసెను. గానుగెద్దువలె నీరు చుట్లు తిరుగుచుండగా, వెనుకగదిలో నేసిన బట్టను ముందుగదిలో విప్పివేయుచుందురు. ఇట్లు చేయుటచే నత్రీకరణమునకు వెచ్చించిన ప్రాణవాయువులో సగమునకు పైగా గిట్టుబాటగును. విరిగిన సున్నపు గుణములో సగము తిరిగి చేరును. ఏర్పాటు చెడి పని నడుమ ఆగినచో మాత్రము నత్రజనికి బదులు నైట్రసు ఆక్సైడు వెలువడును. అది భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు వాయువునకు ఇన్నూరు రెట్లకు మించినది. బర్నార్డు పని నీరు కొరవడిన దక్షిణాఫ్రికాలో పుట్టుట కాకతాళీయము గాదు. అచ్చట ఒక ఊరి మురుగు దిగువ ఊరి జలాశయమును చేరును. నీటికరవున్న చోటనే నీటి విద్య పదునెక్కును.

ఇంత శ్రమ యెందులకని మీరడుగవచ్చును. నిలువ నీటిలో నత్రజని పెరిగినచో గుర్రపుడెక్కయు పచ్చని నాచును చెరువు నాక్రమించును. అమోనియా అధికమైనచో చేపలు చచ్చును. అంతకంటె మనసీమకు ముఖ్యమైనది వేరొకటి గలదు. నైట్రేటు నేలలో నిలువదు. నీటితోపాటు జారి బావిని, బోరును చేరును. దానికి రంగు లేదు, వాసన లేదు. కాచినను పోదు, కాచుకొలది నీరు ఆవిరియై అది ఇంకను చిక్కబడును. 1945 లో అమెరికాయందలి అయోవా రాష్ట్రమున కోమ్లీ అను వైద్యుడు, పల్లెబావుల నీటితో పాలు కలిపి పట్టిన పసికందుల దేహములు నీలివర్ణమగుటకు ఆ నీటిలోని నైట్రేటే కారణమని తెలిపెను. లీటరు త్రాగునీటిలో నైట్రేటు 45 మిల్లీగ్రాములు మించరాదని మన భారతీయ ప్రమాణము.

ఇక మన నదుల పుట్టినింటికి పోదము. పెన్నయు చిత్రావతియు జన్మించినది చిక్కబళ్ళాపుర సీమలో; ఒకటి గౌరిబిదనూరు మీదుగా హిందూపురమునకును, మరియొకటి బాగేపల్లి మీదుగా పుట్టపర్తికిని వచ్చుచున్నవి. ఇంటింట తెలుగు వినవచ్చు ఆ చిక్కబళ్ళాపుర, కోలారు జిల్లాలలో బోర్లు వేయి అడుగులు దాటినను తడి తగలని దినములు వచ్చినప్పుడు, కర్ణాటక ప్రభుత్వము బెంగుళూరు మురుగును శుద్ధిచేసి పంపులతో ఎత్తి ఆ జిల్లాల చెరువులను నింపబూనెను. కోరమంగల–చల్లఘట్ట లోయ పథకము దినమునకు 44 కోట్ల లీటర్లు కోలారు దిక్కునకు, హెబ్బాళ–నాగవార లోయ పథకము 21 కోట్ల లీటర్లు చిక్కబళ్ళాపుర దిక్కునకు ఉద్దేశించినవి. 2018 జూనులో కోలారు సీమలోని లక్ష్మీసాగర చెరువులోనికి తొలి నీరు దిగెను. ఎండిన చెరువు గట్టున నిలిచి ఆ నీటిని చూచిన రైతు కన్నులు చెమర్చియుండును; మరుసటి నెలలో అదే నీటిపై నురుగు తేలెను, వివాదము న్యాయస్థానములకెక్కెను. శాశ్వత నీరావరి హోరాట సమితివారు, చెరువున నిలిచి నేలలో నింకి త్రాగునీటి బోర్లలో కలియు నీటికి గాలితొట్టి దశయైన రెండవ అంచె శుద్ధి చాలదనియు దానిపైని మూడవ అంచె కావలెననియు పట్టుపట్టిరి. బావులలో నీరు పైకి లేచినదని ఒకరు, లేచిన నీటిలో నేమున్నదని మరియొకరు. ఇరువురి మాటయు నిజమే గనుకనే ఆ తగవు తేలిక గాదు.

ప్రభుత్వ నిబంధనలలోను ఈ ఊగిసలాట కానవచ్చును. 2017 అక్టోబరులో కేంద్ర పర్యావరణ శాఖ ప్రకటించిన శుద్ధి కేంద్రముల ప్రమాణములలో నత్రజనికి హద్దే లేదు. 2019 ఏప్రిలులో జాతీయ హరిత ట్రిబ్యునలు లీటరుకు 10 మిల్లీగ్రాముల మొత్తపు నత్రజని యను కఠినమైన కొలతను చూపెను. ఒకరు హద్దు వలదనిరి, ఒకరు అంతటికి ఒకే హద్దనిరి. నత్రజని విషయమున, ఆ నీరు పోవు చోటెక్కడ యను ప్రశ్న రెండింటను లేదు.

మన పట్టణములు మూడును మూడు తీరులవి. హిందూపురము పట్టుగూళ్ళ సంత. దాని చుట్టును మల్బరి తోటలు. ఆకునకు నత్రజని ఎంత పెట్టినను చాలదనునది మల్బరి. ధర్మవరమున పచ్చిపట్టును సబ్బునీట సోడానీట ఉడికించి జిగురు వదలింతురు. పట్టు తూకములో నూటికి సుమారు పాతికపాళ్ళుండు ఆ జిగురు మాంసకృత్తే గనుక, మనుష్యుల నత్రజనితోపాటు పట్టుపురుగు నత్రజనియు ఆ యూరి కాలువలో కలియును. పుట్టపర్తి చిన్నయూరు, కాని నవంబరు 23 సత్యసాయిబాబా జన్మదినము నాటికి ఊరికి అనేక రెట్లు జనము దిగును. అతిథులు ఒక్కనాట వత్తురు. నత్రీకరణ జీవులు మాత్రము పండుగ పంచాంగము చూడవు, వాటి సంతతి వాటి నెమ్మదిగానే పెరుగును. అందుచే యాత్రాస్థలమున తొట్లను సగటు జనమునకు గాక జాతర జనమునకు కట్టవలెను. పండుగకు ముందు వారములనుండియే బురదను నిలువచేసికొనవలెను.

ఇంతకు నేను చెప్పదలచినది ఒక్కటే మాట. మురుగులోని నత్రజని ఋణమునకు ఋణదాతలిద్దరు: గాలియు, నేలయు. చెరువునకు, నదికి, బావి పరిసరములకు పోవు నీటిలోని నత్రజనిని గాలికి తీర్చియే తీరవలెను. అచ్చట బ్లోయరు కరెంటునకు వెనుదీయరాదు. కాని తోటకు పోవు నీటికి అంత శ్రమ వృథాయే గాక దుబారా. ఎకరమునకు ఒక్క అంగుళము పారించు నీరు ఇంచుమించు లక్ష లీటర్లు. లీటరుకు 40 మిల్లీగ్రాముల చొప్పున అందులో 4 కిలోల నత్రజని, అనగా 9 కిలోలకు దగ్గరగా యూరియా. కరెంటు ఖర్చుపెట్టి దానిని గాలిలో కలిపి, గాలినుండి మరల కర్మాగారములో యూరియా చేసి, లారీలో తెచ్చి అదే తోటలో చల్లుట ఏ గృహస్థుడును చేయని వ్యవహారము. రోగకారక క్రిములను చంపిన ఆ నీరు మల్బరికి, పశుగ్రాసమునకు, కట్టెచెట్లకు పోవచ్చును; పచ్చిగా తిను కూరలకు వలదు. వేరుశెనగకును అక్కరలేదు: నైట్రేటు సిద్ధముగా దొరకిన చోట దాని వేళ్ళు బుడిపెలు కట్టుట మానుకొనును. తేరగా దొరకిన కూడు చెట్టును సయితము సోమరిని చేయును.

సాలునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే ఎరిగిన ఈ గడ్డపై, త్రాగునీటికై పల్లెలు అల్లాడుచుండగా 1995 లో మొదలైన సత్యసాయి త్రాగునీటి పథకము ఏడువందలకు పైగా గ్రామములకు గొట్టములు వేసినది. ఊరిలోనికి నీరు తెచ్చు గొట్టమును గురించి మనము చాలకాలమే తలపోసితిమి. ఊరినుండి వెడలు కాలువను గురించి అంతటి తలపు ఇంకను పుట్టవలసియున్నది. మీ పురపాలక సంఘము శుద్ధి కేంద్రము కట్టునాడు, నీరు తేటగా వచ్చునా యని మాత్రమే అడుగకుడు; తేటనీటిలోను 48 బస్తాలు దాగియుండునని వింటిరి గదా. ఆ నీరు ఏ గట్టునకు, ఎవరి చేనికి పోవునో ముందుగా అడుగుడు. తొట్లు ఎన్ని, గాలి ఎంత యను లెక్కలు ఆ జవాబు వెంట తామే వచ్చును.